ఎడమ చెప్పు బయట, కుడి చెప్పు పెట్టెలో

మా అన్నయ్యకు చిన్న వస్తువంటే చిన్నచూపు. దోమను కొట్టడానికి కూడా దుడ్డుకర్ర వెతికే రకం. అలాంటి మనిషిని, ఇంట్లో కంప్యూటర్ పట్టికల భాష అయిన ఎస్‌క్యూఎల్ నేర్చుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని వదిన అడగడమే పొరపాటు.

వదిన చెప్పుల దుకాణంలో పనిచేస్తుంది. రోజంతా వంగి లేచి మోకాళ్లు అరగదీసుకుంది. అక్కడ సరుకు లెక్కలు చూసే కంప్యూటర్ సీటు ఖాళీ అయింది. సోమవారం జరిగే ఎస్‌క్యూఎల్ పరీక్షలో నెగ్గినవాళ్లదే ఆ కుర్చీ. వదినకు చదువుకంటే ముందు ఆ కుర్చీ కావాలి.

"నేర్చుకుంటే పెద్దదే నేర్చుకోవాలి," అంటూ అన్నయ్య బ్యాంకులు వాడే సర్వర్ ఒకటి మా ముసలి కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. తాను పెట్టిన పాస్‌వర్డ్ తానే మరిచిపోయి కంప్యూటర్‌ను తిట్టాడు. వారమంతా ఇదే భాగోతం. శుక్రవారానికి వదినకు ఒక్క ముక్క వస్తే ఒట్టు.

నాకు ఒళ్లు మండింది. అన్నయ్యను కంప్యూటర్ ముందునుంచి లేపి, ఎస్‌క్యూలైట్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ పెట్టాను. సర్వర్ లేదు, పాస్‌వర్డ్ లేదు. డేటాబేస్ మొత్తం ఒకే ఒక్క ఫైలు.

"ఇదేం బొమ్మలాట?" అని మూతి తిప్పాడు అన్నయ్య.

"ఆడుకోనీ," అన్నాను.

వదిన ఇంట్లో చెప్పులన్నీ పట్టికలోకి ఎక్కించింది. తీగతో కుట్టిన అన్నయ్య పాత చెప్పులు కూడా. వాటిని పారేయనివ్వడు, అదో పిచ్చి. ఆదివారం మధ్యాహ్నం కొంప మునిగింది. అన్నయ్య కొత్త బూట్లు పొరపాటున నా పేరున పడ్డాయని వాటిని అన్నయ్య పేరుకు మార్చబోయి, ఏ జతను మార్చాలో చెప్పే షరతు రాయడం మరిచింది. నా ఎర్ర హైహీల్స్‌తో సహా ఇంటిల్లిపాది చెప్పులూ అన్నయ్యవైపోయాయి.

అన్నయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "రేపు దుకాణం కూడా నా పేరున రాసెయ్యి."

వదిన ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె తాపీగా ఇంకో ఫోల్డర్ తెరిచి, ఫైలు కాపీ తెచ్చి పెట్టింది. ఎవరి చెప్పులు వాళ్లకు వచ్చేశాయి.

"ఇదెప్పుడు దాచావు వదినా?"

"మా దుకాణంలో జనం తిప్పి తిప్పి చూసేది ఎడమ చెప్పే. కుడిది పెట్టెలో ఉంటుంది. ఇదీ ఒక్క ఫైలే కదా. ముట్టుకునేది ఒకటి, పెట్టెలోది ఒకటి."

సోమవారం సాయంత్రం వదిన వస్తూనే, "కుర్చీ నాదే," అంది. తానే నేర్పించానని అన్నయ్య అప్పుడే ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు.

వదిన కంప్యూటర్ ముందు కూర్చుని, ఈసారి షరతు రాసి మరీ, ఆ పాత చెప్పుల వరుసను తొలగించింది. అది చూసి అన్నయ్య ఫోన్ పెట్టేసి గుమ్మంలోకి పరిగెత్తాడు. అక్కడ ఆ తీగ చెప్పులు లేవు.

"కాపీ ఉంది కదా?" అన్నాడు నీరసంగా.

"వాటికి మాత్రం కాపీ తీయలేదండీ," అంది వదిన.