రెండో గేరు దాటని కారు

పాలు కాచి, గోరువెచ్చగా చల్లారాక తోడు వేసి, రెండో అంతస్తు చంద్రిక ఆ గిన్నెను సెల్లారుకు పట్టుకొస్తుంది. అక్కడ నిలిపి ఉన్న ఎర్ర కాంటెస్సా కారు ముందు టైరు పక్కన పెట్టి, గేటు బయట కొత్తిమీర బేరమాడి వచ్చేసరికి పెరుగు గడ్డకట్టి ఉంటుంది. మైత్రీవనం వెనక సందులోని ఆ అపార్టుమెంటులో ఇది రోజూ ఉండేదే. వానాకాలం బట్టలు ఆ కారు బానెట్ మీదే ఆరేస్తారు. ఆవకాయ జాడీని డిక్కీ కింద ఒక్క రాత్రి ఉంచితే నెల ఊరినట్టు ఊరుతుంది. మతిమరుపుతో అరటిపళ్లు పెట్టినవాళ్లు మాత్రం మర్నాడు నల్లటి తొక్కలు ఏరుకోవాలి.

కారు మూడో అంతస్తు మమతది. ఉరకడానికే తయారైన కారు అది. పొడుగాటి బానెట్ కింద పద్దెనిమిది వందల సీసీ ఇంజను, ఐదు గేర్లు. అమీర్‌పేట రోడ్ల మీద రెండో గేరు దాటే జాగా ఎక్కడిది? పోవలసిన వేగమంతా పోలేక లోపలే మిగిలిపోయి, నిలిపిన చోట మెల్లమెల్లగా బయటికి వస్తుంటుంది. వేరే సెల్లార్లలో నీళ్లు కారుతాయి, ఇక్కడ వేగం కారుతుంది. దాన్ని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

మమత పుట్టింది సిరిసిల్లలో. తండ్రి సిద్ధిరాములు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, గుడ్డ నేసేవాడు, తల్లి పోశవ్వ ఇంటి అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుట్టేది. చిన్నప్పుడు ఒకసారి మమత కూడా తల్లి పక్కన కండెలు చుడుతుంటే వీధిలోంచి ఒక కాంటెస్సా పోయింది. ఆమె తలెత్తేసరికి దుమ్ము మాత్రం మిగిలింది. ఎవరి కోసమూ ఆగకుండా అట్లా పోగలిగేది ఒకటి ఈ లోకంలో ఉందని ఆమెకు ఆ రోజే తెలిసింది.

తర్వాత పెళ్లయింది. పొసగలేదు, వచ్చేసింది. అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టింది. నాలుగు డబ్బులు వెనకేసుకున్నాక బంగారం కొంటుందనుకున్నారు అంతా. చూపు మందగించి కారు అమ్ముకుంటున్న సోమాజిగూడ కాంట్రాక్టరు దగ్గర ఈ కాంటెస్సా కొని తెచ్చింది.

"గీ ముసలి కారు నీకెందుకు చెల్లె?" అన్నాడు అన్న కమలాకర్. ఎర్రమంజిల్‌లో సర్కారు ఉద్యోగం చేస్తాడు, అక్కడే క్వార్టర్సులో ఉంటాడు.

"తోల్తుంటె మస్తుంటదన్నా," అంది మమత. అంతకన్నా జవాబు ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఎట్లా ఉంటుందో చూసినవాళ్లు లేరు, ఎందుకంటే ఒక్కతే పోయేది. కొన్ని ఆదివారాలు తెల్లవారుతుండగా రింగు రోడ్డు మీదికి తీసుకుపోయేది. నాలుగో గేరులో ఇంజను గొంతు సవరించుకున్నట్టు ఉండేది. ఐదో గేరు పడ్డాక స్టీరింగు బరువు చేతుల్లోంచి జారిపోయి, సీటు కింద రోడ్డు మెత్తబడేది. అద్దం దించుకుని గట్టిగా ఏదో ఒకటి పాడేది. అట్లా పోయివచ్చిన మర్నాడు కారులో మిగిలిన వేగం ఉండదు కాబట్టి చంద్రిక గిన్నెలో పాలు పాలలాగే ఉండేవి. "ముందుగాల చెప్పి పోరాదు అక్కా, ఇంటికి చుట్టాలొచ్చిన్రు," అని చంద్రిక నిష్ఠూరమాడేది.

సుఖం అంతవరకే. కారు పెట్రోలు తాగినట్టు ఇంకెవరూ ఏదీ తాగరు. ఏసీ ఎప్పుడో చచ్చిపోయింది. ఎండాకాలం మధ్యాహ్నం సిగ్నలు దగ్గర ఆగితే ఇంజను వేడెక్కి మొండికేస్తుంది. దాని వేగం దాన్నే తింటుంది కాబట్టి కొత్తగా వేసిన రబ్బరు పైపులు నాలుగు వారాలకే గట్టిపడి పగులుతాయి. స్పేరు సామాన్లు రాణిగంజ్ దుకాణాల్లో దొరకక ఎక్కడినుంచో తెప్పించాలి. పంజాగుట్ట మెకానిక్ సాయిలు బానెట్ ఎత్తిన ప్రతిసారీ మమత తలకాయ వంక చూసి జాలిపడేవాడు. రోజూ ఆ సీట్లో కూర్చుని ట్రాఫిక్‌లో ఇరుక్కున్నందుకు నలభై దాటీదాటకముందే ఆమె జుట్టు మొత్తం తెల్లబడింది. ఆమె రంగు వేసుకోలేదు. తెల్లటి జడ వేసుకుని, దాంట్లో మల్లెపూలు పెట్టుకుని దుకాణానికి పోయేది.

సిద్ధిరాములు పోయాక పోశవ్వ కూతురి దగ్గరికి వచ్చింది. పొద్దున లేస్తే ఆమె కాళ్లు ఇంట్లో నిలవవు. కూరగాయలకు ఒక వీధి, పూలకు ఒక వీధి, ఊరికే చూడడానికి ఇంకో వీధి. కోచింగు సెంటర్ల ముందు నిలబడి పోరగాళ్లను ఏ ఊరని అడిగేది. అట్లా నడుస్తుండగానే ఒకరోజు ఫుట్‌పాత్ ఎక్కి వచ్చిన బైకు ఆమెను పడేసింది. తుంటి ఎముక విరిగింది.

సోమాజిగూడ ఆసుపత్రిలో ఆపరేషను చేసి రాడ్డు వేశారు. నెలలు గడిచినా ఎముక అతకలేదు. వయసు మీద పడింది, ఎముక పిండిలాగా ఉంది, ఇంక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు మెత్తగా చెప్పాడు. పోశవ్వ మంచానికి అంకితమైంది. పైకి చూస్తే ఫ్యాను, పక్కకు చూస్తే గోడ.

కమలాకర్ వచ్చి తల్లి మంచం పట్టె మీద కూర్చున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, అన్నీ సర్దేయాలని చూసే మనిషి.

"అమ్మను నేను తీస్కపోత. హాల్ల మంచమేస్త, ఒక ఆయమ్మను పెడ్త. నువ్వు గా కారు అమ్మెయ్. అమ్మ మంచాన పడ్డంక సుత గా షోకు బాగుండదు చెల్లె, నలుగురు ఏమంటరు?"

"అననీ," అంది మమత. "కారు నేనమ్మ. అమ్మను సుత పంప."

"మంచం ఆర్డర్ ఇచ్చిన, రెండు మూడు నెలలు పడ్తదట. రాంగనే వచ్చి తీస్కపోత," అని లేచాడు కమలాకర్.

అదే వారం అపార్టుమెంటు మీటింగు పెట్టారు. అసోసియేషన్ ప్రెసిడెంటు జోగారావు చాలా ఏళ్ల కిందట కాకినాడ నుంచి వచ్చి స్థిరపడ్డాయన.

"ఏంటండీ మమత గారూ ఇది? నా కొత్త కారు మీ కారు పక్కన పెడుతున్నాను. అప్పుడే టైర్లు పగుళ్లిచ్చాయి, రంగు వెలిసిపోయింది. మీ కారు ఇంకెక్కడన్నా పెట్టుకోండి."

"టైర్లు కరాబైనయంటె నిజమే సార్, కాదనను. మీ కారును అవతలి మూలకు మార్చుకోండి, నేనే జాగా ఖాళీ చేపిస్త. నా కారైతె కదలదు. నిన్న మీ ఇంటినుంచే మిరపకాయలొచ్చినయి ఎండబెట్టనీకె."

జోగారావు దగ్గి, తీర్మానం చదివాడు. కారు వెళ్లిపోవాలన్నవాళ్లు చెయ్యెత్తమంటే అందరూ ఎత్తారు, చంద్రిక కూడా సగం ఎత్తింది. మర్నాడు పొద్దున ఆమె పెరుగు గిన్నె మామూలుగానే వచ్చింది. మమత గిన్నె పక్కకు జరిపి దుకాణానికి పోయింది.

ఆ రాత్రి అన్నం తినిపిస్తుంటే పోశవ్వ కూతురి చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నన్ను గా కార్ల కూసోబెట్టు."

మమతకు వెంటనే అర్థమైంది. "వద్దమ్మా. అది ఆయుష్షు తింటది. నా నెత్తి సూడు."

"సూస్తనే ఉన్న, పత్తి పువ్వు లెక్కుంది. నాది ఎప్పుడో తెల్లగయింది. ఇంక నా దగ్గర ఏం తీస్కుంటది?"

"ఉన్న ఏండ్లు తీస్కుంటది."

"గీ మంచంల గడిపేటివి ఏండ్లా?" అంది పోశవ్వ. "నా సెయ్యి కింద పెరిగి, మొగుణ్ణి కాదన్నవు, అన్నను కాదన్నవు, మొన్న మీటింగుల అందర్ని కాదన్నవు. నేనడిగింది సుత కాదంటవా?"

అందరికీ ఎదురు చెప్పడం అలవాటైన మమత కంచం కింద పెట్టింది.

"నిలబెట్టిన కార్ల కూసుంటె పెరుగు తోడుకుంటది గాని ఎముక అతకదమ్మా," అంది. "సాయంత్రం ట్రాఫిక్ ఉంటది సూడు, పంజాగుట్ట దిక్కు. అది ఉరుకుతనంటది, రోడ్డు ఉరకనియ్యదు. అప్పుడు లోపల మస్తు జోరుంటది. గప్పుడైతె అతుకుతదేమో."

"అంటె నువ్వు సుత కూసోవాలె గదా."

"నేను తోలకుంటె ఎవరు తోల్తరు?"

పోశవ్వ చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగింది. తర్వాత ఆ మాట ఎత్తలేదు. తన సంగతి తాను చూసుకోగలదు కానీ, కూతురి ఏళ్లు ఖర్చుపెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

ఈసారి మమతే తల్లిని కాదన్నది. ఒక సాయంత్రం దుకాణం త్వరగా మూసి వచ్చి, వాచ్‌మన్‌ను పిలిచి, కుర్చీలో తల్లిని కూర్చోబెట్టి కిందికి మోయించింది. దారి పొడుగునా పోశవ్వ తిడుతూనే ఉంది. వెనక సీట్లో దిండ్ల మధ్య సర్దుకున్నాక మాత్రం సీటు తోలు తడిమి చూసి, "మెత్తగుంది," అంది.

ఊళ్లో అందరూ తప్పించుకు తిరిగే గంటలోనే వాళ్లు రోజూ బయల్దేరేవాళ్లు. మెట్రో పిల్లర్ల పక్కనుంచి పంజాగుట్ట దాకా పోయి, మళ్లీ తిరిగి రావడం. బస్సులు, ఆటోలు, బైకులు నాలుగు వైపులా మూసేస్తే మధ్యలో కాంటెస్సా వణుకుతూ నిలబడేది. మమత క్లచ్ మీద కాలు నొక్కిపెట్టి ఉంచేది. లోపల గాలి బరువెక్కేది. పక్కన ఆగిన బైకు కుర్రాడు పొద్దున గీసుకున్న గడ్డం మళ్లీ తగిలితే నిమురుకుంటూ ముందుకు జరిగిపోయేవాడు.

"ఎముకల చీమలు పాకినట్టున్నది," అనేది పోశవ్వ.

"నొస్తుందా?"

"నొస్తుంది. పోనియ్."

ఆ కారులోనే పోశవ్వ ఎన్నడూ చెప్పని ముచ్చట్లు చెప్పింది. సిద్ధిరాములుకు తెలియకుండా ఒకసారి సైకిలు నేర్చుకున్నదట. మానేరు వాగు కట్ట మీద తొక్కుతుంటే ఎవరో చూసి ఇంట్లో చెప్పారట, సైకిలు అంతటితో ఆగిపోయిందట. మమత అద్దంలో తల్లి ముఖం చూసింది. ముడతలు రోజురోజుకూ లోతవుతున్నాయి, వెండి కడియాలు మోచేతి దాకా జారుతున్నాయి. తన ముఖం కూడా అదే అద్దంలో కనిపించింది. ఈమధ్య సూదిలో దారం ఎక్కించాలంటే చెయ్యి దూరంగా చాపవలసి వస్తోంది. ఒకరోజు వెళ్లి కళ్లద్దాలు చేయించుకుంది. కుట్టు ఒక్క రోజు కూడా మానలేదు.

డాక్టరు కొత్త ఎక్స్‌రే పాతదాని పక్కన పెట్టి చూశాడు.

"ఎముక అతికింది పెద్దమ్మా. రోజు ఎక్కడికన్న పోతున్నరా?"

"పంజాగుట్టకు. సాయంత్రం పూట," అంది పోశవ్వ.

"ఏ కార్ల?"

"కాంటెస్సా," అంది మమత.

డాక్టరు తలూపాడు. "ఇంక చాలు, తగ్గియ్యండి. కర్ర పట్టుకొని మెల్లగ అడుగులెయ్యాలె."

ఇంట్లో గోడ పట్టుకుని పోశవ్వ అడుగులు మొదలుపెట్టింది. కొన్నాళ్లకు గోడ వదిలింది. ఇంకొన్నాళ్లకు చంద్రిక ఇంటి దాకా మెట్లు దిగింది. కారు తీయించాలన్న తీర్మానం మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. జోగారావు తన కారును అవతలి మూలకు మార్చుకున్నాడు.

అమ్మను పంపనన్న కోపంతో అన్నాళ్లూ ఇటు రాక, ఇవేవీ తెలియని కమలాకర్ ఒక సాయంత్రం ఫోను చేశాడు. మంచం వచ్చిందట, వ్యాను మాట్లాడుకుని ఎర్రమంజిల్‌లో బయల్దేరాడట. ఆ ఫోను వచ్చేసరికి తల్లీకూతుళ్లు పంజాగుట్టకు కొంచెం ఇవతల బస్సు వెనక ఇరుక్కుని ఉన్నారు. పోశవ్వకు కొత్త చెప్పులు కొందామని వచ్చారు. మమత ఫోను పెట్టేసి, "అన్న వస్తుండు, నిన్ను తీస్కపోనీకె," అంది. అంతలో వేడి ముల్లు ఎర్ర గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి వచ్చి, ఇంజను ఆగిపోయింది. వెనకాల హారన్లన్నీ ఒక్కసారి మొదలయ్యాయి.

"ఎంతసేపు పడ్తది?" అడిగింది పోశవ్వ.

"సల్లారాలె."

"అయితె నువ్వు సల్లారినంక రా," అని పోశవ్వ తలుపు తీసి దిగింది. కర్ర తీసుకుంది గానీ కింద ఆనించలేదు, చంకలో పెట్టుకుంది. హారను కొడుతున్న ఆటోవాలా ముందు చెయ్యి చాపి ఆపి, రెండు బైకుల మధ్య నుంచి ఫుట్‌పాత్ ఎక్కింది. మమత బానెట్ ఎత్తి పట్టుకుని చూస్తూ నిలబడింది. తల్లి బస్సును దాటింది. దాని ముందున్న కార్లను దాటింది. ఉన్నచోటే ఉన్న అంత పెద్ద రోడ్డు మీద ముందుకు పోతున్నది ఆమె ఒక్కతే.

సిగ్నలు దగ్గర రోడ్డు దాటి, అవతలి వైపు ఆగి ఉన్న వ్యానులో కొడుకు కనిపిస్తే దాని అద్దం మీద ఆమె వేలితో కొట్టింది. కమలాకర్ అద్దం దించాడు. తల్లి ముఖం వంక, తర్వాత ఆమె కాళ్ల వంక చూశాడు.

"అమ్మా, నువ్వెట్ల..."

"నడ్సుకుంట. మంచం వాపస్ ఇయ్యి కొడ్కా. నేను మీ ఇంటికే పోతున్న, కోడలితోని చాయ్ తాగి వస్త. నువ్వు మెల్లగ రా, తొందరేం లేదు," అని పోశవ్వ ఎర్రమంజిల్ వైపు సాగిపోయింది.

ఆ తర్వాత ఆమె రెండు వానాకాలాలు బతికింది. ఆ రెండేళ్లూ పగటి పూట ఆమె ఇంట్లో ఉండడం ఎవరూ చూడలేదు. ఒక పొద్దున కూరగాయల బండి దగ్గర చిక్కుడుకాయలు ఏరుతూ, అలసట వచ్చినట్టు బండికి ఆనుకుని, నిలబడే వెళ్లిపోయింది.

పదకొండో రోజు చుట్టాలంతా పోయాక కమలాకర్ చెల్లెలి ఎదురుగా కూర్చున్నాడు. మమత ముఖం నిండా ముడతలు, జుట్టు తెలుపు. చూసేవాళ్లకు ఆమే పెద్దదిలా ఉంది.

"అమ్మను గా కారే తిన్నది చెల్లె," అన్నాడు. "నిన్ను సుత తింటున్నది."

"తిన్నదన్నా," అంది మమత. "నడిపించి తిన్నది."

పోవడానికి లేచినప్పుడు కమలాకర్, తనను ఆ కారులోనే ఎర్రమంజిల్ దాకా దింపమని అడిగాడు. ట్రాఫిక్ మస్తుగా ఉంటుందని మమత చెప్పింది.

"ఉండనీ," అని అతను చెప్పులు వేసుకున్నాడు.