రోట్లో పడ్డ విత్తనం

బోలావన్ వ్యాన్ దిగేసరికి నేను వాకిట్లో చేపలు తోముతున్నాను. వెంట కొడుకు, కోడలు, ఇద్దరు ఆడపడుచులు, వాళ్ల పిల్లలు. ముందు కబురు లేదు. పక్కింటి తర్హాటా గుమ్మంలోకి వచ్చి తన అక్క బోలావన్‌ను చూసింది. ఏళ్ల తరబడి ఆ ఇద్దరికీ మాటల్లేవు. అయినా నిన్న సాయంత్రమే విడిపోయినట్టు లోపలికి రమ్మని చాప పరిచింది. తర్వాత పెరటి వైపు నుంచి నన్ను పిలిచి, కత్తి ఒకసారి ఇమ్మంది.

నేను కత్తితోపాటు మేం అన్నంలోకి దంచుకునే కారం, పలాపా సీసా కూడా పట్టుకెళ్లాను. తర్హాటా ఇంట్లో పలాపా అయిపోయి చాలా రోజులైంది. మా రేకుల ఇళ్ల వరుసలో ఎవరి సీసా ఎప్పుడు ఖాళీ అవుతుందో అందరికీ తెలుసు. చుట్టానికి అన్నం పెట్టి పక్కన పలాపా పెట్టకపోతే, మాలో అది లేచి పొమ్మని చెప్పడమే.

తర్హాటా సీసా మూత తీసి వాసన చూసింది. మళ్లీ మూత పెట్టి నా చేతికే ఇచ్చేసింది.

"ఇది బజారు సకురాబ్ పాయలతో దంచింది వదినా. నాలిక మీద పెట్టుకోగానే మా అక్క పట్టేస్తుంది. పక్కింట్లో అడుక్కొచ్చి పెట్టిందని సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లన్నిటా చెప్పుకుంటూ తిరుగుతుంది."

నాకు ఒళ్లు మండింది. నా పలాపా మరీ అంత తీసికట్టేం కాదు. కానీ ఆమె చెయ్యి అప్పటికే పొయ్యి మీది దండెం వైపు వెళ్తోంది. నా కోపం ఎటో పోయి భయం పట్టుకుంది.

ఆ దండేనికి వేలాడుతున్నది ఆమె విత్తనాల మూట. మా ఊరు మరావీలో యుద్ధం మొదలై మేమంతా ఇళ్లు వదిలి పరుగెత్తిన రోజు, తలా ఒకటి చంకన పెట్టుకున్నాం. కొందరు బంగారం, కొందరు పొలం కాగితాలు, నేనైతే బుద్ధిలేక కొత్త దుప్పటి. తర్హాటా పెరట్లో కూర్చుని చేత్తో మట్టి తవ్వి, సకురాబ్ పాయలు పీకి తలగుడ్డలో మూటకట్టింది. అవి వాళ్లమ్మ నాటినవి. వాళ్లమ్మకు తన తల్లి ఇచ్చినవి. ఉల్లిపాయకు చెల్లెలిలా సన్నగా, తెల్లగా ఉంటాయి. దంచితే పక్కింట్లో ముక్కులు కారతాయి. బజార్లో దొరికే లావు రకానికి ఆ ఘాటు లేదు. ఈ రేకుల ఇళ్లకు వచ్చాక పెయింటు డబ్బాల్లో నాటింది. మొదట్లో సగానికి సగం కుళ్లిపోయాయి. ఏటేటా మిగిలినవాటినే మళ్లీ నాటుకుంటూ, నోట్లో ఒక్కటి వేసుకోకుండా, చివరికి ఒక మూటడు చేసింది. కొండవాలున ఒక చుట్టం కాస్త నేల ఇచ్చాడు. తొలివాన పడితే నాటడమే.

ఆ మూట విప్పుతుంటే తర్హాటా కోడలు ఇన్షిరా వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. తర్హాటా ఆ చేతిని మెల్లగా తీసేసింది.

"సగమేలే. సగం చాలు నాటడానికి."

ఇదంతా ఎందుకంటే, తర్హాటా కొడుకు పెళ్లిలో బోలావన్ పలాపా నోట్లో వేసుకుని, వియ్యాలవారంతా వింటుండగా, కారం తక్కువైందని అంది. అంతే. ఆ ఒక్క మాట మీద అక్కాచెల్లెళ్లు విడిపోయారు. పరువు దగ్గర మావాళ్లు చావనైనా చస్తారు గానీ వెనక్కి తగ్గరు. నేనూ అంతే అనుకోండి.

పాయలు కోయడానికి ఇన్షిరా కూర్చుంది. పాయల వేరు మొదళ్లు చాలా మందంగా కోసి పక్కన పడేస్తోంది. రోట్లోకి రావలసింది చెత్తలోకి పోతోందని అత్త విసుక్కుంది. కత్తి మొద్దుగా ఉందని ఇన్షిరా తలెత్తకుండా చెప్పింది. అది నా కత్తి. ఆ పొద్దున్నే నూరించాను, గాలిలో ఆడిస్తే గాలి తెగుతుంది. నోటిదాకా వచ్చిన మాట అందరూ ఉన్నారని మింగేశాను.

దంచారు. అల్లం, మిరపకాయలు, ఆ పాయలు రోట్లో పడి నలుగుతుంటే వరుసంతా తుమ్మింది. కొబ్బరి వేయించి కలిపారు. పసుపన్నం, సరస్సు చేపలు వడ్డించి ప్రతి పళ్లెంలోనూ ఒక ముద్ద పెట్టారు. బోలావన్ వేలితో తీసి నాకింది. కళ్లు మూసుకుంది. పళ్లెం ముందుకు జరిపి, ఇంకొంచెం ఉందా అని అడిగింది.

వాళ్లక్క అలా అడగడం తర్హాటా జన్మలో వినలేదు. లేదని ఎలా అంటుంది? మిగతా సగం కూడా రోట్లోకి పోయింది. చుట్టాలను వట్టి చేతుల్తో పంపకూడదు కాబట్టి చివరి ముద్ద సీసాకెత్తి అక్క ఒళ్లో పెట్టారు. దండెం మీద తలగుడ్డ ఒక్కటే మిగిలింది.

వ్యాన్ ఎక్కే ముందు బోలావన్ మిగతావాళ్లను ముందుకు పంపి, తాను గుమ్మంలోనే నిలబడింది. గాజులు పైకీ కిందికీ తోసుకుంది.

"మొన్న వరదకు నా పెరడంతా కుళ్లిపోయింది. అమ్మ సకురాబ్ ఒక్క పాయ లేదు నా దగ్గర. నీ దగ్గర ఉందని విన్నాను. గుప్పెడు విత్తనం ఇస్తావేమోనని వచ్చాను."

తర్హాటా ఏదో ఒక అబద్ధం చెబుతుందనే అనుకున్నాను. నేనైతే చెప్పేదాన్ని. ఆమె అక్క చేతిలోని సీసా వైపు చూపించింది.

"విత్తనం ఇందాక నువ్వు తిన్నావక్కా. మిగిలింది ఆ సీసాలో ఉంది."

బోలావన్ మెట్టు మీద కూర్చుండిపోయింది. సీసాను రెండు చేతులా పట్టుకుని చూసింది.

"ఎవరైనా విత్తనం దంచుకుంటారా? పక్కింట్లో అడిగి తెచ్చి పెట్టకపోయావా?"

"పెడితే నువ్వు ఊరుకునేదానివా?"

బోలావన్ ఆలోచించింది. ఊరుకునేదాన్ని కాదని నిజమే చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ ఏడ్చారు, అదీ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. నాకూ ఏడుపొచ్చింది.

అప్పుడు ఇన్షిరా పెరట్లోంచి ఒక కొబ్బరి చిప్ప తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది. అందులో తడి బూడిద, బూడిదలో తాను మందంగా కోసి తీసిన వేరు మొదళ్లు వరసగా గుచ్చి ఉన్నాయి. మీరు ఆగరని తెలిసే అలా కోశానంది. కత్తి మొద్దేమీ కాదని నా వైపు చూసి మరీ చెప్పింది. నా కత్తి పరువు అక్కడికి దక్కింది.

తర్హాటా వాటిని రెండు భాగాలు చేయబోయింది. బోలావన్ చేయి అడ్డం పెట్టింది.

"వద్దు. అసలే చావుకీ బతుక్కీ మధ్య ఉన్నాయి. అన్నీ ఇక్కడే నాటు. బతికితే వచ్చి తీసుకుంటాను."

తొలివానకు కొండవాలున నాటారు. చాలా వరకు కుళ్లిపోయాయి. మిగిలినవి సూదుల్లాంటి పచ్చని మొలకలు వేశాయి. ఆ సంగతి తర్హాటాయే ఫోన్ చేసి అక్కకు చెప్పింది.

మరుసటి శుక్రవారం వ్యాన్ వచ్చింది. ఈసారి బోలావన్ ఒక్కతే వచ్చింది. చాప మీద కూర్చుని, సంచీలోంచి సీసా తీసి పళ్లెం పక్కన పెట్టింది. తన ఇంట్లో దంచిన పలాపా. అదీ బజారు సకురాబ్‌తో. చుట్టం తన పలాపా తానే తెచ్చుకోవడం కన్నా పెద్ద అవమానం మాలో ఇంకోటి లేదు.

తర్హాటా సీసా వైపు చూసింది. పొయ్యి మీద ఖాళీగా వేలాడుతున్న తలగుడ్డ వైపు చూసింది. ఈసారి చెల్లెలు విత్తనం దంచే పని లేకుండా అక్క తెచ్చిందని నాకప్పుడు వెలిగింది. మూత తీసి, వేలితో కొంచెం నాకింది.

"కారం తక్కువైందక్కా."

బోలావన్ తలూపి, పళ్లెం ముందుకు జరిపింది.