పడుగు వీధి

మగ్గాలపేటలో పట్టపగలు మగ్గాలన్నీ ఆగాయంటే ఎవరో పోయారని అర్థం. ఆ రోజు ఎవరూ పోలేదు. అయినా పేటంతా చేనేత సొసైటీ హాల్లో టీవీ ముందు కూర్చుంది. ఢిల్లీ పార్లమెంటులో తమ ఎంపీ లేచి తమ వీధి గురించి మాట్లాడతానని మాటిచ్చాడు మరి. కన్నమ్మ కూడా మగ్గం గుంటలోంచి లేచి, చీరకంటిన దూది దులుపుకుని వచ్చి ముందు వరుసలో చోటు చేసుకుంది.

టీవీలో ఒకటే గోల. కొందరు అట్టలు పట్టుకుని నడిమధ్యకు దిగి అరుస్తున్నారు. కొందరు బల్లలు చరుస్తున్నారు. పైన కూర్చున్నాయన తల ఎత్తకుండా గబగబా ఏదో చదివాడు. అవునని కొందరు కేకేశారు, కాదని కొందరు కేకేశారు. అంతే, ఆయన లేచి వెళ్ళిపోయాడు.

"ఏమైంది మే?" అంది కన్నమ్మ.

"అయిపొయ్యింది అత్తా, చట్టం అయిపొయ్యింది," అంది అభినయ. కన్నమ్మ అన్న కూతురు, తిరుత్తణి కాలేజీలో చదువుతోంది.

"మనాయన ఇంకా లేయనే లేదు కదా."

"లేసినాడు. లేసి బయటికి పొయ్యినాడు. ఆ తలుపుకాడ నవ్వుకుంటా పోతా ఉండాడే, ఆయనే."

అన్నం కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేంత సేపు కూడా పట్టలేదు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళయినా కాఫీ చల్లారేదాకా కూర్చుని నాలుగు మాటలు మాట్లాడతారు కదా. ఇంతమంది బతుకుల మీద చట్టం చేసేవాళ్ళకు ఆ పాటి ఓపిక కూడా లేకపోయింది. సొసైటీ అధ్యక్షుడు మునికృష్ణ టీవీ కట్టేసి, రిమోటు చేతిలో పెట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఎంపీ పేటకు వచ్చినప్పుడు ఆయన భుజాల మీద శాలువా కప్పింది మునికృష్ణే.

పేటలో మాట తెలుగు, బడి చదువు తమిళం. ఆ చట్టాన్ని అభినయ ఫోనులో తమిళంలో చదివి తెలుగులో చెప్పింది, అందులో మూడే మాటలు. ఎవరి పేరా పట్టా లేని ఉమ్మడి చోటును పెద్ద రోడ్డు కోసం తీసుకోవచ్చట. తీసుకునే ముందు ఊరిని అడగనక్కర్లేదట. తీసుకున్నాక కోర్టుకు పోకూడదట.

మగ్గాలపేటకు ఉన్న ఉమ్మడి చోటు ఒక్కటే, పడుగు వీధి. మగ్గానికి నిలువు పోగులు ఎక్కించే ముందు ఆ పోగులన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చాపి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. అదే పడుగు. ఒక ఇంటి పడుగుకు వీధంతా చెయ్యి వెయ్యాలి. ఒక్కరు తప్పుకున్నా పోగులు అంటుకుపోతాయి. అందుకే పెద్దలనాటి నుంచి ఒక కట్టుబాటు ఉంది. ఆ వీధిలో జానెడు చోటు నాది అన్నవాడి పడుగు మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. ఆ భయంతో వాకిట్లో గుంజ కూడా ఎవరూ తమదనరు.

చట్టానికి ముందే రోడ్డు కొలతలకు వచ్చిన ఆఫీసర్లు, ఈ చోటు మీద హక్కు ఉన్నవాళ్ళు ముందుకు రండి అన్నప్పుడు పేటంతా అక్కడే ఉంది. ఒక్కరూ కదలలేదు. కన్నమ్మ కదలలేదు, మునికృష్ణ కదలలేదు. పైగా ఎంత మర్యాదగా ఉన్నామో అనుకున్నారు, ఆఫీసర్లకు మజ్జిగ కూడా ఇచ్చారు. వాళ్ళు మజ్జిగ తాగి, యజమాని లేడని రాసుకుని పోయారు.

చట్టం అయిన కొన్నాళ్ళకే జేసీబీ వచ్చింది. తెల్లవారుతోంది. వీధి పొడవునా కన్నమ్మ పడుగు చాపి ఉంది. గంజి అప్పుడే పెట్టారు, పోగులన్నీ తడి తడిగా ఉన్నాయి. జేసీబీ వెనక పోలీసులు దిగారు. తాలూకా ఆఫీసరు గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

"తీసెయ్యండి," అన్నాడాయన.

"తడి పడుగు చుట్టకూడదు సార్. ముద్ద కట్టిపోతాది," అంది కన్నమ్మ. "ఎండ రానీండి. ఆరినాక మేమే తీసేస్తాము."

"మిమ్మల్ని అడిగే పని లేదమ్మా. చట్టంలో అట్టనే ఉండాది."

ఆ తర్వాత ఆయన చెయ్యి ఊపాడు. జేసీబీ తొట్టి గుంజలను పెకలించి పడుగు మధ్యలో నుంచి దూసుకుపోయింది. కన్నమ్మ ఈ చివర కర్రను వదల్లేదు. పోగులు ఆమెను లాక్కుపోయాయి, గంజి బురదలో బోర్లా పడింది. మోచేతులు చీరుకుపోయాయి. లేచి చూస్తే, పండుగ దాకా నెయ్యాల్సిన పడుగు టైర్ల కింద నలిగి, మట్టి ముద్దై పడి ఉంది. ఆమె అక్కడే కూలబడి, చంటిబిడ్డ పోయిన తల్లిలా గుండె బాదుకుని ఏడ్చింది. పేట కూడా ఏడ్చింది.

భర్త వరదన్ మాత్రం ఏడవలేదు. "చాలు. రేప్పొద్దున కంపెనీ బస్సెక్కి కూలికి పోతా. వీధి లేనినాడు మగ్గమెందుకు, కట్టెల పొయ్యిలోకి తప్ప," అన్నాడు. అతని మాటకు చాలామంది తలూపారు. కన్నమ్మకు అన్నిటికంటే అదే భయం వేసింది. ఒక్క మగ్గం ఆగితే ఆ ఇంటి చెయ్యి తగ్గుతుంది, చేతులు తగ్గితే ఇంకొకరి పడుగు ఆగుతుంది. వీధి ఇంకా సగమే పోయింది. మిగతా సగం కోసం జేసీబీ మళ్ళీ వచ్చేసరికి పేటలో మనుషులే ఉండరు.

మధ్యాహ్నం సొసైటీ హాల్లో మీటింగు పెట్టారు. మునికృష్ణ లేచి, "ఇంకొక తూరి ఎంపీని చూసొద్దాం. ఎంతైనా మనం గెలిపించినోడు," అన్నాడు.

"యాడ చూస్తావు మామా? తలుపుకాడనా?" అంది కన్నమ్మ. హాలు గొల్లుమంది కానీ ఆ నవ్వులో నవ్వు లేదు. "మన పేటలో ఆవు ఒకరి పడుగు తొక్కితే ఏం చేస్తాము? ఆవు గలాయన్ని, పడుగు గలాయన్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఇద్దరి మాటా ఇంటాము. ఇనకుండా తప్పు కడితే నువ్వొప్పుకుంటావా? అంత పెద్ద సభలో మన మాట ఎవురూ ఇనలేదు. వాళ్ళ మాట వాళ్ళే ఇనలేదు."

"అట్టని సభే వద్దంటే ఎట్ట కన్నమ్మా? రాజులు పొయ్యి అది వచ్చిందని మా నాయన బెల్లం పంచినాడు."

"వద్దని యాడన్నాను? అది మన సభే మామా, అందుకే కడుపు మండతా ఉండాది. ఈ చట్టం గురించి వాళ్ళు మాట్లాడలేదు. మూడు మాటలూ ఒక్కొక్కటిగా మనం మాట్లాడదాం. ఎంపీ ఆఫీసు ముందర, నడిరోడ్డులో కూర్చొని."

"మాట్లాడితే వీధి వస్తాదా?" అన్నాడు వరదన్.

"రాదేమో. నువ్వు మాత్రం రా. నిన్ను అడక్కుండా నేనేమీ చెయ్యను," అంది కన్నమ్మ.

తిరుత్తణిలో ఎంపీ ఆఫీసు ముందు వాళ్ళు కూర్చున్న రోజు ఎండ మండిపోతోంది. అభినయ వెంట కాలేజీ పిల్లలు వచ్చారు. పవర్‌లూమ్ కూలీలు వచ్చారు. మేతబీళ్ళు పోతాయని గొర్రెలవాళ్ళు వచ్చారు. అభినయ చట్టంలో మొదటి మాట చదివిందో లేదో, పోలీసులు అందరినీ బస్సులెక్కించి ఒక కల్యాణమండపానికి తోలారు.

మండపం అరెస్టు మునికృష్ణకు కొత్త కాదు. "పొద్దున అరెస్టు, మధ్యాహ్నం సాంబారన్నం, సాయంకాలం ఇంటికి. పేపర్లో ఫోటో వస్తాది. అంతటితో సరి," అన్నాడు.

"అయితే సాయంకాలం దాకా చోటు దొరికింది కదా, ఫ్యాను కింద," అంది కన్నమ్మ.

పెళ్ళికొడుకు కూర్చునే వేదిక మీద అభినయను నిలబెట్టి మళ్ళీ మొదటి మాట చదివించారు. అందరూ రోడ్డును తిట్టారు. అప్పుడు కన్నమ్మ లేచి, "రోడ్డు కావాలనేవాళ్ళు ఎవురన్నా ఉంటే చెప్పండి. వాళ్ళ మాట కూడా ఇనాల," అంది.

వరదన్ లేచాడు. "నేను చెప్తా. మా యమ్మ గుండెనొప్పితో గుంతల దారిలోనే పాణం ఇడిచింది. రోడ్డు కావాల."

అత్తను తలుచుకుని కన్నమ్మకు కళ్ళు నిండాయి. ఎవరో, రోడ్డును వాగు పక్కకు జరపమందాం అన్నారు. "జరిపితే మా గొర్లు యాడ మెయ్యాల?" అని గొర్రెలాయన అడ్డం తిరిగాడు. మాటా మాటా పెరిగింది. అరుచుకున్నారు, సర్దుకున్నారు, మళ్ళీ మొదటికొచ్చారు. బీడు అంచు, వాగు గట్టు కలుపుకుంటే ఎవరి చోటూ పూర్తిగా పోదని తేలేసరికి సాంబారన్నం చల్లారిపోయింది. ఇంత పని ఉంది ఇందులో, అనుకుంది కన్నమ్మ. దీన్ని కదా వాళ్ళు చిటికెలో ఊదేసింది.

పొద్దు వాలాక ఇన్‌స్పెక్టరు వచ్చి గేటు తెరిపించాడు. "ముడింజిది మా. ఎల్లారుం వీట్టుక్కు పోంగ," అని తమిళంలో, అయిపోయింది ఇంక ఇళ్ళకు పొమ్మన్నాడు.

ఎవరూ లేవలేదు.

"మాకు ముగియలేదు సార్. ఒక్క మాటే అయ్యింది. ఇంకా రెండుండాయి," అంది కన్నమ్మ.

ఆయన మొదట నవ్వాడు. తర్వాత ముఖం మాడ్చుకుని, వేదిక మీదికి వేలు చూపించి తెలుగులోకి దిగాడు. "ఈ పిల్లే అందరినీ రెచ్చగొట్టేది. పట్టుకోండి. కేసు రాసి జైలుకు పంపితే తెలుస్తాది."

ఆడ పోలీసులు అభినయ చేతులు విరిచి ఈడ్చారు. కన్నమ్మ అడ్డం పడితే నెట్టేశారు. "అత్తా, ఆపొద్దు," అని గేటు దగ్గర అరిచింది పిల్ల. వ్యాను తలుపు పడింది. అన్నకు ఏ ముఖంతో కనపడాలి, పిల్లకు పరీక్షలు కూడా ఉన్నాయే అనుకుంది కన్నమ్మ. వ్యాను వెనక పరిగెత్తాలనిపించింది. గేటు ఇంకా తెరిచే ఉంది. కొందరు సంచులు చంకన పెట్టుకుని అటే చూస్తున్నారు. చిన్నపిల్లలున్న ఆడవాళ్ళు ఏడుస్తున్నారు.

కన్నమ్మ వేదిక మెట్లెక్కింది. అభినయ నిలబడ్డ చోటే నిలబడింది.

"రెండో మాట," అంది. గేటు దాకా వినపడేలా మళ్ళీ అంది. "రెండో మాట. తీసుకునే ముందు ఊరిని అడగనక్కర్లేదంట. దీని మీద ఎవురు మాట్లాడతారు?"

సంచి పట్టుకున్నవాళ్ళలో వరదన్ ఉన్నాడు. కన్నమ్మ వైపు కాసేపు చూశాడు. తర్వాత సంచి కింద పెట్టి, గేటు వైపు వీపు తిప్పి కూర్చున్నాడు.

మునికృష్ణ మోకాళ్ళు పట్టుకుని మెల్లగా లేచాడు. ఇన్‌స్పెక్టరు కూర్చోమని కసిరాడు. ఆయన కూర్చోలేదు.

"నాకు ఓటొచ్చినకాడ్నించి ఓటేస్తా ఉండా. నన్నెవురూ అడగలేదు. అడిగుంటే ఒప్పుకోనని చెప్పుందును. ఇప్పుడు చెప్తా ఉండా, ఒప్పుకోను," అన్నాడు.

ఆయన మాట అయ్యేలోపే గొర్రెలాయన లేచాడు. వెనక పిల్లనెత్తుకున్న ఆడమనిషి లేచింది. ఆ వెనక ఇంకా లేస్తూనే ఉన్నారు.