బోదె మీద గది

మూడో రోజు మధ్యాహ్నానికి కూడా వాన తగ్గలేదు. అమలాపురం శివారులో లక్ష్మీదుర్గ కొన్న పాత పెంకుటింట్లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. మూడు వాటాలు, మూడు కాపురాలు. అద్దెకిచ్చింది ఆవిడే. గోడలు మట్టి అడుసుతో కట్టినవి. పైన సున్నం చూసి మోసపోకూడదు, నానితే కూలడమే. అప్పటికే నడి వాటా గోడ అడుగున పూత ఊడి, మట్టి జావలా జారుతోంది.

నీరెందుకు నిలిచిందో ఆవిడకి తెలుసు. వెనక కొబ్బరితోటల నీరంతా దిగిపోయే బోదె ఒకటి ఇంటి పక్కనే ఉండేది. కువైట్‌లో పదకొండేళ్ళు ఒకరి పిల్లల్ని పెంచి, ఒకరి గిన్నెలు తోమి తెచ్చిన డబ్బుతో ఈ ఇల్లు కొంటున్నప్పుడు, బాబాయి వరసయ్యే సుబ్రహ్మణ్యేశ్వరరావు దగ్గరుండి బేరం కుదిర్చాడు. సలహా కూడా ఆయనదే.

"అమ్మాయ్, బంగారం బీరువాలో పడుకుంటుంది. అద్దెగది అలాక్కాదు, నువ్వు పడుకున్నా అది పనిచేస్తుంది. ఆ బోదె పూడ్చెయ్, ఇంకో గది లేస్తుంది."

"తూమన్నా పెట్టాలేమోనండి బాబాయిగారూ."

"దేనికే? నీళ్ళకి దారి నువ్వు చూపించాలా?"

ఆవిడ ఇంకెవర్నీ అడగలేదు. పెద్దాయన మాట, పైగా సొంతవాడు. కోనసీమలో పుట్టిన మనిషికి బోదె పూడిస్తే ఏమవుతుందో ఒకరు చెప్పాలా? తెలిసే పూడ్చింది. మెరక మట్టి తోలించి గది కట్టింది. వచ్చే వారం ఒక నర్సు అందులో అద్దెకి దిగాలి.

నడి వాటాలో ఉండే దానం అనే అతని తల్లి తుంటి విరిగి మంచం మీద ఉంది. కదిలిస్తే ప్రాణం పోతున్నట్టు అరుస్తోంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే దారిలో చెట్టు పడింది, ఆగమన్నారు. మంచం కోళ్ళ కింద నాలుగేసి ఇటుకలు పెట్టారు, తరవాత ఆరేసి. ఇక ఇటుకలు లేవు.

మొదటి వాటాలో ఉండే పేతురు పొక్లెయిన్ నడుపుతాడు. బండి వీధి చివరే ఉంది.

"గంట పనండి. ఆ గది కొట్టేసి బోదె పాత లోతుకి తవ్వితే నీరు లాగేస్తుంది. కానీ మీరు ఊఁ అనాలండి. రేపు పేతురుగాడు గది కూల్చేడని కేసెడితే నన్నెవరు కాస్తారు? అందరి ముందూ చెప్పండి."

దానం మంచం కోడు పట్టుకుని ఆవిడ వైపే చూస్తున్నాడు.

లక్ష్మీదుర్గ బాబాయికి ఫోన్ చేసింది.

"ముట్టుకోకు," అన్నాడాయన. "సాయంత్రానికి తెరిపిస్తుంది. అద్దెకున్నోళ్ళు ఇవాళుంటారు, రేపు పోతారు. గది నీది."

"గోడ జారిపోతుందండి. లోపల ముసలావిడుందండి."

"చెప్పేది విను. గండి కొడితే ఆ నీరంతా ఎక్కడికొస్తుందో తెలుసా? నా ప్లాట్లలోకి. రేపు పదింటికి కొనేవాళ్ళొస్తున్నారు."

అని, ఆగిపోయాడు. నోరు జారిందని ఆయనకీ తెలిసింది.

బోదె కింది కొసన ఆయన వేసిన లేఅవుటు ఉంది. బోదె పారితే ఆ ప్లాట్ల మొహం ఎవడూ చూడడు. పదకొండేళ్ళ చాకిరీ పెట్టి ఆవిడ కట్టింది అద్దెగది కాదు, ఆయన ప్లాట్లకి గట్టు.

నడి గోడలోంచి ముద్దంత మట్టి ఊడి నీళ్ళలో పడింది.

"చెప్పండమ్మగారూ," అన్నాడు పేతురు.

"కొట్టు."

"అందరికీ వినపడాలండి."

"నా గది నేనే కొట్టమంటున్నాను. కొట్టు పేతురూ."

ఆవిడ లోపలికెళ్ళి మంచానికి రెండో వైపు పట్టుకుంది. బయట గోడ పడిన దెబ్బకి పెంకులు అదిరాయి. ముసలావిడ కళ్ళు మూసుకుంది. చాలాసేపటికి దానం ఇటుకల వైపు చూపించాడు. నీరు ఒక ఇటుక కిందికి దిగింది.

సుబ్రహ్మణ్యేశ్వరరావు తడుస్తూనే స్కూటరు మీద వచ్చాడు. "ఎవర్నడిగి కొట్టించేవే? సొంతవాణ్ణి ముంచుతావా?"

లక్ష్మీదుర్గ ఆయన్ని దాటుకుని గది నిలబడ్డ చోటికి నడిచి, బురదలో లోతు చూసింది.

"ఇంకో రెండడుగులు తియ్యి పేతురూ."