ఆపొద్దని చెప్పిన ఆంప్లిఫైయర్

నాకు కోపం ఎక్కువ. ఈ మాట ముందే చెప్పేస్తే నయం. ఎందుకంటే ఆ రోజు జరిగినదానికి సగం కారణం నా కోపం, మిగతా సగం నా గర్వం.

జగిత్యాలలో నాది ఆడియో సామాను దుకాణం. రిపేర్లు కూడా చేస్తాను కానీ అసలు పని అది కాదు. ఖరీదైన ఆంప్లిఫైయర్ కొన్నవాళ్లు, దానికి ఏ స్పీకర్లు నప్పుతాయో తెలియక నా దగ్గరికి వస్తారు. "మునావర్ భాయ్ సంబంధం కుదిరిస్తడు" అని నవ్వుతారు. నవ్వనీ. పెళ్లి కుదర్చడం దీనికన్నా సులువు. ఎంత గొప్ప ఆంప్లిఫైయరైనా తప్పు స్పీకర్లకు తగిలిస్తే జలుబు చేసినట్టు పాడుతుంది. లేదా, ఆ స్పీకర్లు లాగే కరెంటు ఇవ్వలేక వేడెక్కి వేడెక్కి తానే కాలిపోతుంది. ఈ రెండో సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశాను.

కోరుట్లలో ఉండే మహేందర్‌కు సిరిసిల్లలో సాంచాల షెడ్డు ఉంది. రోజంతా మరమగ్గాల చప్పుడులో ఉండేవాడికి ఇంట్లో మంచి పాట వినాలన్న పిచ్చి పట్టింది. మేడ మీద ఒక గది ప్రత్యేకంగా కట్టించుకున్నాడు. గోడలకు స్పాంజి, కిటికీలకు మందపు పరదాలు. హైదరాబాదులో ఎవరో వాడిన విదేశీ ఆంప్లిఫైయర్ కొని తెచ్చాడు. ఇద్దరు మోస్తే గానీ కదలదు. పాట పెట్టకపోయినా, ఊరికే స్విచ్చి వేసి ఉంచినా దాని ఒళ్లు కాలుతూనే ఉంటుంది. దాని తీరే అంత.

నా దుకాణంలో నాలుగు జతల స్పీకర్లు మార్చి మార్చి వినిపించాను. మూడింటితో ఆంప్లిఫైయర్ ఏదో పాడాలి కదా అన్నట్టు పాడింది. నాలుగో జతతో మాత్రం వేణువు వాయించేవాడు ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. మహేందర్ కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి కళ్లు తుడుచుకున్నాడు. "ఇంక వేరేటివి చూపియ్యకు భాయ్" అన్నాడు.

నలభై నిమిషాలకు ఆంప్లిఫైయర్ తనంతట తానే ఆగిపోయింది.

లోపల ఒక చిన్న మీట ఉంటుంది. వేడి హద్దు దాటితే కరెంటు ఆపేస్తుంది. ఆ స్పీకర్లు లోతైన శబ్దాలు వచ్చినప్పుడల్లా మోయలేనంత కరెంటు లాగుతున్నాయి. ఈ జోడీ కుదరదని చెప్పాల్సింది నేనే. కానీ నా ఇరవై రెండేళ్ల వ్యాపారంలో అంత మంచి జోడీ చెవిన పడలేదు. నేను కుదిర్చిన సంబంధం నేనే చెడగొట్టుకోవాలా? మహేందర్ వెళ్లిపోయాక మూత విప్పి, ఆ మీట రెండు కొసలనూ చిన్న తీగ ముక్కతో కలిపేశాను. ఇక అది ఎంత కాలినా ఆగదు. చుట్టూ జానెడు జాగా వదిలి, ఫ్యాను వేసి ఉంచితే ఏమీ కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మహేందర్‌కు మాత్రం చెప్పలేదు.

మంగళవారం పొద్దున వాళ్లింట్లో బిగించాను. కొత్త స్పీకర్లు మొదట్లో రెండు రోజులు ఆగకుండా నడిస్తే వాటి బిగువు వదులుతుందని మా పద్ధతి. చిన్నగా వేణువు పాట పెట్టాను, అదే తిరిగి తిరిగి వచ్చేటట్టు. మహేందర్ సిరిసిల్లకు బయల్దేరాడు. అతని భార్య కల్పన అప్పటికే కథలాపూర్ బడికి పోయింది, అక్కడ టీచరు. ఇంట్లో మిగిలింది మహేందర్ తల్లి లింగవ్వ ఒక్కతే.

ఆమె పసుపు, కుంకుమ గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. కొత్త వస్తువుకు బొట్టు పెట్టాలని చెయ్యి చాపింది. ఆ పొడి మూత సందుల్లోంచి లోపలికి పడుతుందని నాకు ఒళ్లు మండింది.

"అవ్వా, దాన్ని ముట్టకు!" అని అరిచాను. "ఎవ్వలు ముట్టద్దు, ఎవ్వలు ఆపద్దు. రెండు దినాలు గిట్లనే నడవాలె. నడుమల ఆపినవనుకో, మొత్తం ఖరాబైతది. నీ కొడుకు పెట్టిన పైసలన్ని బూడిదే."

ఆపితే ఏమీ కాదు. ఆమె జోలికి రాకుండా ఉండాలని భయపెట్టాను, అంతే. ఆమె చేతిని కొంగులో దాచుకుంది. నేను కింద చెప్పులు వేసుకుంటుంటే గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"దుమ్ము పడ్తది గద కొడుకా?" అని అడిగింది.

నేను జవాబు చెప్పలేదు. ఈ ముసలామెతో ఏం వాదన అనుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో అన్నం తింటున్నాను. నా భార్య హుమేరా కుట్టుపని ముగించి, మిషన్ తుడిచి, దాని మీద పాత చున్నీ కప్పింది. నాలుగు వైపులా కిందికి లాగి సర్దింది. దుమ్ము పడకుండా.

ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. లింగవ్వ కింది గది కళ్ల ముందుకు వచ్చింది. టీవీ మీద పూల గుడ్డ. ఫ్రిజ్జు మీద గుడ్డ. మిక్సీ మీద గుడ్డ. ఎండాకాలం పోయాక పక్కన పెట్టిన కూలరు మీద కూడా గుడ్డే. ఆ ఇంట్లో విలువైనది ఏదీ కప్పకుండా లేదు. అన్నిటికన్నా విలువైనది మేడ మీద ఉంది.

"క్యా హువా?" అంది హుమేరా. "ముఖం గట్ల పెట్టినవేంది?"

ముందు మహేందర్‌కు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది. సాంచాల నడుమ పక్కనున్న మనిషి మాటే వినపడదు, జేబులో ఫోన్ ఏం వినపడుతుంది? కల్పన ఎత్తలేదు. లింగవ్వ నంబరుకు ఆరుసార్లు చేశాను. ఎత్తలేదు. ఫైర్ స్టేషన్‌కు చేద్దామనుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏమని చెప్పాలి? ఒక అవ్వ గుడ్డ కప్పిందేమోనని నాకు అనుమానంగా ఉందనా? అడిగితే తీగ ముక్క సంగతి చెప్పాలి కదా. నిజానికి నన్ను ఆపింది ఆ సిగ్గే. ఒక మనిషి ప్రాణం కన్నా నాకు ఆ సిగ్గు ఎక్కువైంది. చెయ్యి కూడా కడుక్కోకుండా బండి తీశాను.

జగిత్యాల నుంచి కోరుట్లకు అరగంట దారి. ఆ రోజు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి, అడ్డంగా రాళ్లు పెట్టి. ఎదురుగా లారీ వస్తే వడ్ల మీదికే దించాను. "కండ్లు కనిపిస్తలేవా!" అని ఎవరో తిట్టారు. మామూలు రోజైతే బండి ఆపి తగువు పెట్టుకునేవాణ్ని. ఆ రోజు తల కూడా తిప్పలేదు. గంటలు లెక్క వేస్తున్నాను. పదకొండుకు నేను బయటపడ్డాను. అప్పుడే కప్పి ఉంటే మూడు గంటలు దాటింది. గుడ్డ కింద వేడికి పోయే దారి లేదు. ఆపే మీట లేదు. గోడల నిండా స్పాంజి. ఆమె కింద పడుకుని ఉంటే? పైన పడుకుని ఉంటే?

"యా అల్లా, సామాను పోనీ. నా దుకాణం పోనీ. ఆమెను మాత్రం ఉంచు."

కోరుట్ల దగ్గరపడుతుండగా దూరంగా నల్లటి పొగ లేచింది. బండి ఇంకా వేగంగా తోలాను. దగ్గరికి వెళ్తే ఎవరిదో పొలంలో గడ్డి తగలబెడుతున్నారు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే నడిపాను.

ఇంటి గేటు వేసి ఉంది. తలుపు తెరిచే ఉంది. "అవ్వా!" అని కేక వేశాను. పలకలేదు. సోఫా మీద ఆమె ఫోన్ ఉంది. లోపల కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. పైనుంచి వేణువు వినపడుతోంది, పొద్దున పెట్టిన పాటే. ఆ తియ్యటి పాట అంత భయంకరంగా ఉంటుందని నాకు ఎప్పుడూ తెలియదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కి తలుపు తోశాను.

గది నిండా పల్చటి పొగ. లింగవ్వ బతికే ఉంది.

ఆంప్లిఫైయర్ ముందు నేల మీద కూర్చుని, ఎడమ చేత్తో విసనకర్ర పట్టుకుని దానికి విసురుతోంది. పక్కన సగం కరిగి నల్లబడిన గుడ్డ పడి ఉంది. సిరిసిల్లలో వాళ్ల సాంచాల మీద నేసిన పాలిస్టర్ గుడ్డే. కుడి చెయ్యి ఒళ్లో వెల్లకిలా పెట్టుకుంది. అరచేతికి కరిగిన గుడ్డ అంటుకుని, చుట్టూ చర్మం పొంగి బొబ్బలెక్కింది.

నన్ను చూడగానే ఆమె ముఖం ఇంకా పాలిపోయింది.

"ఆపలే కొడుకా," అంది నేను నోరు తెరవకముందే. "ముట్టను కూడ ముట్టలే. పైకెళ్లి గుడ్డ కప్పిన, గంతే. జరసేపటికి పొగ ఎల్లింది. బుగులైంది. గుడ్డ గుంజేసిన. కాలుతున్నదని గాలి ఇసురుతున్న. నేనైతే ఆపలే."

"ఎప్పటిసంది విసురుతున్నవు?"

"పగటాల్లసంది, పన్నెండు గొట్టినప్పటిసంది. ఇడిసిపోతే అంటుకుంటదని కూసున్న."

రెండు అడుగుల దూరంలో గోడకు స్విచ్చి ఉంది. వంగి ప్లగ్గు పీకేశాను. "అయ్యో, ఖరాబైతది!" అని ఆమె కేక పెట్టింది. వేణువు ఒక్క క్షణం సాగి ఆగిపోయింది.

ఆ గదికే ఉన్న బాత్రూంలోకి తీసుకెళ్లి ఆమె చేతిని నల్లా కింద పెట్టాను. నీళ్లు పడుతుంటే పళ్లు బిగబట్టింది గానీ మూలగలేదు.

"ఖరాబ్ కాదవ్వా," అన్నాను. "ఆపితే ఏం గాదు. నేను అబద్ధం చెప్పిన."

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. అర్థం కాక చూసింది.

"మరి ఎందుకు చెప్పినవు కొడుకా?"

అప్పుడే మహేందర్ ఫోన్ చేశాడు. షెడ్డు బయటికి వచ్చి చేస్తున్నట్టున్నాడు, వెనక సాంచాల చప్పుడు దూరంగా ఉంది. "ఏంది భాయ్, ఇన్నిసార్లు జేసినవు? మన జోడీ మంచిగ నడుస్తుందా?" అన్నాడు ఉషారుగా.

చెప్పాను. మీట సంగతి, తీగ సంగతి, అవ్వకు చెప్పిన అబద్ధం సంగతి, ఆమె చెయ్యి సంగతి. లింగవ్వ ఎడమ చెయ్యి చాపి ఫోన్ అడిగింది. చెవికి పెట్టాను.

"ఆయననేమనకు బాపూ," అంది కొడుకుతో. "గుడ్డ కప్పింది నేనే."

ఆసుపత్రికి పోవడానికి ఆటో పిలిచాను. బాత్రూం నుంచి మెట్ల వైపు పోవాలంటే ఆంప్లిఫైయర్ పక్కనుంచే దారి. ప్లగ్గు ఊడి నేల మీద పడి ఉంది. అయినా లింగవ్వ మంచి చేత్తో కొంగు దగ్గరికి పట్టుకుని, అది ఎక్కడ తగులుతుందోనని గోడకు ఆనుకుని నడిచింది.