ఎదురుబండి

మార్చి పదకొండు. ఆ పొద్దున తిన్నవి రెండు రొట్టెముక్కలు, కొంచెం తేనె, ఒక ఉడకబెట్టిన గుడ్డు. రెండో గుడ్డు పళ్ళెంలోనే వదిలేశాడు. తర్వాత ఆ తేదీని అతను ఎవరెవరికో చెప్పాల్సి వచ్చింది. చెప్పినప్పుడల్లా గొంతులో ఆ పచ్చసొన పొడిపొడిగా అడ్డం పడేది.

"మళ్ళీ అదే ఆలోచనా?" అంది భార్య పళ్ళెం తీస్తూ.

"ఏం లేదే."

"ఏం లేకపోతే గుడ్డెందుకు మిగిలింది? చూడండీ, మీరు డిపోలో నోరు జారారంటే అన్నయ్య దగ్గర్నుంచి బండి లాక్కుంటారు. ఆ బండి తప్ప అన్నయ్యకి ఎవరున్నారు చెప్పండి? ఈ వేసవి దాటనివ్వండి. తర్వాత తనే మానేస్తానన్నాడుగా."

"నా నోరు ఇంట్లోనే పెట్టి వెళ్తున్నాలే. తాళం వేసుకో," అన్నాడు. ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు.

అతన్ని డిపోలో అందరూ తాబేలు అంటారు. నెమ్మదిగా నడుపుతాడని కొందరూ, పొడుగాటి మెడ కాలరులోంచి ముందుకు చాపి రోడ్డు చూస్తాడని కొందరూ. మనిషి పొడగరి, సన్నం. కిటికీ పక్కనుండే కుడిచెయ్యి ఎండకి కమిలి ఎడమచేతి కన్నా ముదురు రంగు తేలింది. రెండు చేతులూ పక్కపక్కన పెడితే ఇద్దరు మనుషులవి అనుకుంటారు.

రేవు నుంచి పై ఊరికి ఒకటే దారి. దీవి మొత్తం ఒక కొండ. ఆ కొండకి చుట్టిన తాడులా ఉంటుంది ఆ రోడ్డు. దారి పొడుగునా ఊళ్ళు. ఓడల్లో దిగే జనం ఆ ఊళ్ళు చూడ్డానికే వస్తారు. నీలిరంగు తలుపుల ఊరు, ఒకరింటి కప్పు ఇంకొకరికి వాకిలయ్యే మెట్ల ఊరు, రాతి అంచున పక్షిగూళ్ళలా వేలాడే పై ఊరు. వాళ్ళు ఆ పేర్లు చెప్పుకుని మురిసిపోతుంటే అతనికి వింతగా ఉండేది. నీలి తలుపుల ఊరు అతనికి రెండో గేరు ఊరు. మెట్ల ఊరంటే మేకలు అడ్డమొచ్చే చోటు. ఇన్నేళ్ళలో ఒక్క తలుపూ అతను నిదానంగా చూసింది లేదు. డ్రైవరు చూపు రోడ్డు దాటి పోయిందంటే తర్వాత చూడ్డానికి ఏమీ మిగలదని మొదటి రోజుల్లో చెప్పింది బావే.

బావంటే భార్యకి అన్న. అతనికి ఇతను బావే, ఇతనికి అతనూ బావే. "మీ ఇద్దర్లో అసలు బావ ఎవరయ్యా?" అని డిపోలో వేళాకోళం చేసేవాళ్ళు. బావ పై ఊళ్ళో ఒంటరిగా ఉంటాడు. పొద్దున అక్కణ్ణుంచి బండి దింపుతాడు. ఇతను రేవు నుంచి ఎక్కిస్తాడు. రెండు బండ్లు పట్టని రోడ్డు కాబట్టి పెద్దమలుపు కింద ఒక చోట వెడల్పు చేశారు. ఎక్కే బండి అక్కడ ఆగాలి. దిగే బండి మలుపు ముందు రెండుసార్లు పొడుగ్గా హారను కొట్టాలి, కిందున్నవాడు ఒకసారి పొట్టిగా జవాబివ్వాలి. అప్పుడు బావ బండి మలుపు తిరిగి వస్తుంది. రెండు కిటికీలూ జానెడు ఎడంలో ఎదురెదురుగా ఆగుతాయి. "ఎలా ఉన్నావు బావా?" "ఉన్నా బావా." అంతే. ముప్పై ఏళ్ళ చుట్టరికం ఎక్కువభాగం ఆ కిటికీల మధ్యే గడిచింది.

పోయిన నెల బావ బండి పక్క అద్దం పిట్టగోడకి రాసుకుని పగిలింది. చెల్లెలు బలవంతాన కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఎడమకన్ను అంచుల నుంచి చీకటి పడుతోందనీ, దానికి మందు లేదనీ, ఇక స్టీరింగు ముట్టకూడదనీ డాక్టరు చెప్పాడు. బయటికొచ్చి బావ నవ్వాడు. "రోడ్డు నా కాళ్ళకి తెలుసు బావా. కళ్ళు జీతం తినే బంట్రోతుల్లాంటివి. ఉన్నా లేకపోయినా ఆఫీసు నడుస్తుంది."

దిగేటప్పుడు ఎడమవైపు లోయ.

ఆ రోజు నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు. చెబితే భార్య ముందు దోషి, చెప్పకపోతే ఎవరి ముందు దోషో ఊహించడానికే భయం. కక్కలేక మింగలేక పది రకాలుగా సర్దిచెప్పుకున్నాడు. నిన్న బావ బండి పక్కనుంచి వెళ్తుంటే వెనక కిటికీలో ఒక పిల్ల ముక్కు అద్దానికి నొక్కి తనకేసి చెయ్యూపింది. ఆ చెయ్యి రాత్రంతా ఊగింది. తెల్లారేసరికి నిర్ణయించుకున్నాడు. ఈరోజు కిటికీ దగ్గర చెప్పేస్తాడు: "సాయంత్రంలోగా డిపోలో నువ్వే చెప్పు బావా. లేకపోతే నేను చెప్తాను." తర్వాత ఏమైతే అదే అయింది.

"తాబేలన్నా, కదులు! పోయినేడాది ఎక్కినవాళ్ళు కూడా ఇంకా చేరలేదట పైకి," అంటూ బొమ్మలావిడ ఎక్కి అతని వెనక సీట్లో కూలబడింది. ఊళ్ళ బొమ్మల కార్డులు పై ఊళ్ళో అమ్ముకుంటుంది. లావుపాటి మనిషి, కంచుగొంతు. బండి కదిలిన దగ్గర్నుంచి ఎవరూ అడక్కుండానే దారి వర్ణన మొదలుపెడుతుంది. ఆ వర్ణన నచ్చితే కార్డు అమ్ముడుపోతుంది కదా.

"ఎడమవైపు చూడండి బాబూ! దేవుడు తీరుబడిగా ఉన్నప్పుడు కట్టిన ఊరు. కుడివైపు చూడకండి, అది ఆయన కోపంలో తవ్విన లోయ."

జనం నవ్వారు. అతను మలుపు మలుపుకీ పెదాలు కదుపుతూ తను చెప్పాల్సిన మాటలు వల్లించుకుంటున్నాడు. 'నువ్వే చెప్పు బావా' అనాలా, 'చెప్తే బాగుంటుంది బావా' అనాలా? అరచేతులు చెమటపట్టి స్టీరింగు జారుతోంది. ప్యాంటుకి తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టాయి.

"ఏంటన్నా, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు? వదిన మాట్లాడనివ్వడం లేదా?"

"దగ్గమ్మా, దగ్గు."

పెద్దమలుపు కింద వెడల్పు చోటులో బండి ఆపి ఇంజను కట్టేశాడు. ఇక్కడ ఇంజను కట్టేయడం అతని అలవాటు. చెవి పెట్టి వినాలి కదా. పైనుంచి గాలి తప్ప ఏం లేదు. ఎక్కడో నీళ్ళు రాతిమీద పడుతున్నాయి. ఇంకాసేపు చూశాడు. మామూలుగా ఈపాటికి బావ హారను, కొద్దిగా బొంగురు పోయిన గొంతుతో, రెండుసార్లు లోయంతా తిరిగి రావాలి.

తనే కొట్టాడు. పొడుగ్గా. శబ్దం ఎదుటి కొండదాకా పోయి తిరిగొచ్చింది.

"మీ బావగారు ఇవాళ నిద్రలేచారా?" అంది బొమ్మలావిడ.

ఇంకోసారి కొట్టాడు. వెనక ఎవరో చెవులు మూసుకున్నారు. జవాబు లేదు. ఆ లోయలో ఫోను పలకదు. "కూర్చోండి, ఇప్పుడే వస్తాను," అని దిగి మలుపు వైపు నడిచాడు. మొదట నడక, తర్వాత పరుగు. పరిగెడుతూ పిట్టగోడనే చూస్తున్నాడు. విరిగిన చోటు ఎక్కడ కనిపిస్తుందోనని ఒక్కొక్క రాయినీ కళ్ళతో తడుముతున్నాడు. రాళ్ళన్నీ ఉన్నాయి. ఇదీ ఉంది. దాని పక్కదీ ఉంది.

మలుపు తిరగ్గానే మనుషులు కనబడ్డారు.

పిట్టగోడ పొడుగునా వరసగా నిలబడి, కూర్చుని ఉన్నారు. ఒకాయన భార్యకి ఫొటో తీస్తున్నాడు. ఆమె గాలికి జుట్టు పట్టుకుని నవ్వుతోంది. ఒక పిల్లాడు నారింజ తొనలు తింటూ గింజలు లోయలోకి ఉమ్ముతున్నాడు. ఎవరికీ కంగారు లేదు. బండి రోడ్డుకి తప్పు వైపున, కొండ వైపున ఉంది. ముందు చక్రాలు కొండకేసి తిప్పి, మూతి రాతికి ఆనించి నిలబెట్టి ఉంది.

అతనికి ముందు కోపం వచ్చింది. బావ ఎప్పుడైనా దారిలో ఆపాడా? ఫొటోకి ఒక్క నిమిషం ఆపమని ఎంతమంది బతిమాలినా "ఇది బండి, పార్కు బల్ల కాదు" అనేవాడు.

"మీరు కింది బండి డ్రైవరా?" ఫొటో తీస్తున్నాయన పలకరించాడు. "మీవాడు చాలా మంచాయనండీ. తనంతట తనే ఆపి, అందరూ దిగండి, ఇంత బాగా కనబడే చోటు ఇంకెక్కడా లేదు, తొందరేం లేదు, నిదానంగా చూసుకోండి అన్నాడు. మీ హారను వినబడింది. పాపం నిద్రపోతున్నాడు కదా అని లేపలేదు."

బండి తలుపు తీసే ఉంది. ఎక్కాడు. చేతిబ్రేకు పైదాకా లాగి ఉంది. గేరు వేసి ఉంది. తాళంచెవి తీసి ముందున్న పలక మీద పెట్టి ఉంది. బావ కిటికీకి తల ఆనించి కూర్చున్నాడు. ఒక చెయ్యి ఛాతీ మీద చొక్కాని గుప్పిట పట్టుకుని ఉంది. కళ్ళు మూసుకున్నాడు.

"బావా," అన్నాడు. ఆ మాట అనేసరికే తెలిసిపోయింది. చెయ్యి తాకాడు. అది ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

చెప్పాలనుకున్న మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి. వాటినేం చెయ్యాలో తెలియలేదు.

ఆయాసపడుతూ వెనకే వచ్చిన బొమ్మలావిడ మెట్టు మీద ఆగి లోపలికి చూసింది. ఆ కంచుగొంతు గుసగుసలాడగలదని అతనికి అప్పటిదాకా తెలియదు. "అయ్యో నాయనా." కాసేపటికి ముక్కు చీదుకుని అంది: "వీళ్ళకి ఓడ టైమవుతుంది. పిల్లలున్నారు. నువ్వు ఈ బండి దింపు. మనవాళ్ళని నేను నడిపించుకుపోతాను, పై ఊరెంతని, రెండు మలుపులు. ముందు కాళ్ళు పట్టు."

ఇద్దరూ కలిసి బావని మొదటి వరస సీట్లోకి మార్చారు. పొట్టివాడే, అయినా బరువున్నాడు. ఆమె తన పైకోటు విప్పి ఛాతీదాకా కప్పింది. కిందికి వెళ్ళి, "రండి రండి! ఇలాంటి దారి నడిచి చూడాలి గానీ బండిలో ఏం తెలుస్తుంది?" అని అరవడం అతనికి వినబడింది. గొంతు ఒక్కచోట తడబడింది. తర్వాత సర్దుకుంది.

"ఒంట్లో బాగోలేదు, పడుకోబెట్టాం," అని ఇతను ఎక్కుతున్నవాళ్ళకి చెప్పాడు. అందరూ పాపం అన్నారు. చేతికర్ర ఊతంగా చివర ఎక్కిన పెద్దావిడ మాత్రం బావ ముఖంకేసి చూసి, తర్వాత ఇతని ముఖంకేసి చూసింది. "నేను ఇక్కడ కూర్చుంటాను," అని బావ పక్కన కూర్చుని అతని చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

తాళం తిప్పేముందు ఒక్కసారి ఎడమవైపు చూశాడు. లోయకి అవతల నీలి తలుపుల ఊరు కనబడింది. తెల్లటి గోడలు, ఎండలో ఆరేసిన బట్టలు, పొగగొట్టాల్లోంచి సన్నగా పొగ. బావ అబద్ధం చెప్పలేదు. నిజంగానే బాగుంది.

ప్రతి మలుపుకీ రెండుసార్లు హారను కొట్టాడు. ఎదురుబండి లేదని తెలుసు. కొట్టాడు.

రేవులో అందరూ దిగి, డ్రైవరుగారికి మా నమస్కారాలు చెప్పండని మరీమరీ చెప్పి ఓడ వైపు వెళ్ళిపోయారు. పెద్దావిడ ఆఖర్న లేచింది. "మలుపుల్లో పట్టుకునే ఉన్నాను బాబూ. పడలేదు," అంది.

కబురు అందుకుని భార్య ఆసుపత్రి వరండాలోకి చెప్పులు లేకుండా వచ్చింది. ఏడవలేదు. అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని, భయంభయంగా అడిగింది: "కళ్ళేనా?"

"కాదు. గుండె. కళ్ళు కాదే."

"మరి బండి? జనం?"

"ముందే అందర్నీ దింపేశాడు. కొండకి ఆనించి బ్రేకు లాగి, తాళం తీసి... ఒక్కరికి గీత కూడా పడలేదు. వాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఫొటోలు తీసుకుంటున్నారు." జేబులో బావ బండి తాళంచెవి తడిమాడు. "చివరిదాకా మంచి డ్రైవరే."

అప్పుడు ఏడ్చింది. అతను ఆమె తలమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. పొద్దున తను ఏం చెబుదామని బయల్దేరాడో ఆమె అడగలేదు. అతను చెప్పలేదు.

పొద్దుగూకేముందు డిపోకి వెళ్ళాడు. రేవులో వదిలిన బావ బండిని షెడ్డులో పెట్టాలి. ఎవరో ఒకరు పెట్టేవాళ్ళే, కానీ తనే వెళ్ళాడు. లోపలికి నడిపి, ఇంజను కట్టేసి దిగబోతే కాలు పట్టేసి కదల్లేదు. కిందికి చూసుకుంటే మోకాళ్ళు రెండూ స్టీరింగుకి ఒత్తుకుని ఉన్నాయి. తాకితే రెండూ నొప్పెట్టాయి. కొండ దిగినంతసేపూ అలాగే మడుచుకు కూర్చుని నడిపాడన్నమాట. సీటు వెనక్కి జరపొచ్చని తోచనేలేదు. సీటు పక్కనున్న మీట మీద చెయ్యి వేశాడు. కాసేపు అలాగే ఉంచి, తీసేశాడు.

మెట్లు దిగి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. లోపల, ఒక పొట్టి మనిషి రోడ్డు బాగా కనబడాలని ముందుకు, ఇంకా ముందుకు, అద్దం దగ్గరిదాకా జరుపుకున్న సీటు అలాగే ఉంది.