ఎడమ వైపు టై రాడ్

ఆ ఎన్నికల నెలలో ప్రొద్దుటూరులో మెకానిక్కులకు కూడా పార్టీలుండేవి. మేం పెట్టుకున్నవి కావు, బండ్లు తెచ్చిపెట్టినవి. ఎవరి జీపు ఎవరి షెడ్డుకు వస్తే ఆ మెకానిక్కు వాళ్ల మనిషి. ఆదివారం చర్చి తప్ప వేరే సభకు పోని యోబును, అంటే నన్ను, ముద్దనూరు దగ్గరి ఒక పల్లె పెద్దాయన మనిషిని చేసింది అట్లాగే. జమ్మలమడుగులో షంషుద్దీన్ ఉస్తాద్‌ను అవతలి పార్టీలో కలిపింది ఆయన అల్లుడు. వాడు బూతు ఏజెంటు. ఉస్తాద్‌కు తన ఓటు ఏ బూతులో ఉందో కూడా సరిగా తెలియదు. నేను స్పానరు పట్టడం నేర్చుకున్నది ఆయన దగ్గరే. పదకొండేళ్లు ఆయన కింద పనిచేశాను.

ఫ్యాక్షన్ బండ్లతో ఒక తంటా ఉంది. అవి షెడ్డులో నిలవవు. పొద్దుగూకేలోపు ఇల్లు చేరాలి. కంటి ముందు లేని బండిలో ఎవడో ఏదో విప్పేస్తాడని వాళ్ల భయం. ఆ భయంతో విప్పాల్సినవి కూడా విప్పనివ్వరు. గ్రీజు పెడదామన్నా "రేపు చూద్దాంలేప్పా" అంటారు. శత్రువుకు ఇవ్వని బండిని తుప్పుకు ఇచ్చేవాళ్లు, ఇంకేం చెప్పను.

పోలింగుకు పది రోజుల ముందు పెద్దాయన కొడుకు నడుపుతున్న జీపు జమ్మలమడుగు దగ్గర పక్కకు లాగడం మొదలుపెట్టింది. గత్యంతరం లేక ఉస్తాద్ షెడ్డుకే పోయారు. ఆయన ఒకణ్ని ఎక్కించి స్టీరింగు అటూ ఇటూ తిప్పమని, తాను కింద పడుకుని టై రాడ్ కొసల మీద చెయ్యి పెట్టి చూశాడు. ముందు చక్రాలు రెండూ కలిసి తిరిగేలా చేసే కడ్డీ అది. రెండు కొసల్లోనూ గిన్నెలో గుండులా ఒక బాల్ ఉంటుంది. కుడి వైపుది అరిగింది, మార్చాడు. ఎడమ వైపుదీ అరిగింది. ఆ సామాను ఆయన దగ్గర లేదు.

"ఒక్క పూట ఉండండప్పా, ప్రొద్దుటూరు నుంచి తెప్పిస్తా" అన్నాడట. అవతలి పార్టీ వీధిలో పూటంతా ఎవడుంటాడు? వెళ్లిపోయారు.

మర్నాడు ఆ సామాను కొనడానికి ప్రొద్దుటూరు వచ్చినప్పుడు ఇదంతా ఆయనే నాతో చెప్పాడు. "నువ్వన్నా చెప్పు యోబూ. ఆ పిల్లోడు శానా జోరుగా తోల్తాండాడు." నేను కబురు పంపాను. పోలింగు అయినాక చూద్దామని జవాబొచ్చింది.

ఉస్తాద్ వచ్చి పోయిన ఆరో రోజు పొద్దున జీపు ముద్దనూరు దారిలో కల్వర్టు మీది నుంచి కిందికి పోయింది. పిల్లవాడు అక్కడికక్కడే ప్రాణం విడిచాడు. పన్నెండు గంటలకు నన్ను తీసుకుపోయారు. పెద్దాయన దారి పక్కన రాయి మీద కూర్చుని ఉన్నాడు. పంచె నిండా కొడుకు రక్తం.

వంగి చూశాను. ఒక్క చూపు చాలింది. ఎడమ వైపు కడ్డీ కిందికి వేలాడుతోంది. బాల్ మాత్రం చక్రం వైపే నిలబడి ఉంది. దాని నట్టు బిగిసే ఉంది, నట్టుకు పెట్టిన పిన్నూ ఉంది. ఎవడైనా వదులు చేసి ఉంటే ఆ నట్టు అట్లా ఉండదు. అరిగీ అరిగీ బాల్ గిన్నెలో నుంచి ఊడిపోయింది, అంతే. ఉస్తాద్ వేసిన కుడి వైపుది చెక్కుచెదరలేదు.

"ఆ సాయిబు వదులు చేసినాడా?" పెద్దాయన మనిషి ఒకడు అడిగాడు. పెద్దాయన నా మొహం వైపే చూస్తున్నాడు.

లేదన్నా, మార్చాలంటే మీరే ఆగలేదు అనాలి నేను. శవం ఇంకా ఇల్లు చేరలేదు. ఆ మాట తండ్రితో ఎట్లా అనేది? అది జాలి అని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. జాలి పావు వంతు, మిగతాదంతా భయం. పామూ చావకూడదు, కట్టే విరగకూడదు అన్నట్టు మాట్లాడాను.

"ఇప్పి చూడంది చెప్పలేనన్నా. సాయంత్రానికి చెప్తా."

మంచి మెకానిక్కు అనే మాటే అది. విప్పకుండా బండి గురించి నోరు తెరవొద్దని ఉస్తాదే నాకు నేర్పాడు. ఆయన నేర్పిన మాట చాటునే నక్కాను.

రెండు కొసలూ విప్పుకుని షెడ్డుకు తెచ్చి కిరసనాయిలులో కడిగాను. కళ్లున్నవాడెవడైనా చూసి తెలుసుకునేలా తుడిచాను. అయిదు గంటలకు పల్లెకు పోయి పెద్దాయన ముందు పెట్టాను. ఎవరూ విప్పలేదన్నా, అరిగిపోయింది, అని వేలు పెట్టి చూపించాను. ఆయన బాల్‌ను వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు చూశాడు. నమ్మాడు.

"ఈ మాట మధ్యాన్నమే చెప్పింటే సరిపోయేది గదప్పా" అన్నాడు మెల్లగా. "తెలిసినోడు నువ్వు గూడా లేదనకపోతివి. నిజమే అనుకున్యారు మావోళ్లు. మూడింటికే పోయినారు."

నేను జమ్మలమడుగు చేరేసరికి ఉస్తాద్ షెడ్డు ముందు పోలీసులున్నారు. ఆయన మీద ఎవరో దుప్పటి కప్పారు.

నెల దాటాక ధైర్యం చేసి ఆ ఇంటికి పోయాను. ఉస్తాద్ భార్య జానీబీ ఇద్దత్‌లో ఉంది. భర్త పోయిన మనిషి నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ఎదుట పడదు. పరదా అవతలి నుంచే మాట్లాడింది.

"యోబూ, ఆయన పనిలో తప్పుండాదా? సాయిబు నట్టు బిగించడం మరిచిపోయినాడని ఊరంతా అంటాండారు. చంపినోళ్లను అల్లా చూసుకుంటాడు. ఈ మాట మాత్రం ఓర్చుకోలేకుండాండా."

"తప్పు లేదమ్మా. ఆయన ఏసింది ఏసినట్టే ఉండాది."

"మరి అందరికీ చెప్పు నాయనా. నువ్వు చెప్తే నమ్ముతారు."

చెబితే ఎప్పుడు చూశావని అడుగుతారు. అందుకని ముందు ఆమెకే చెప్పాను. పన్నెండింటికే చూశానని, చూసిన క్షణమే తెలిసిందని, వాళ్లు బయలుదేరేదాకా మూడు గంటలు నా చేతిలో ఉన్నాయని, అయినా నోరు పెగల్లేదని చెప్పాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

లేచి పోదామనుకుంటుండగా ఆమె చెల్లెలు అమీనాబీ పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది.

"తిని పో యోబూ" అంది జానీబీ పరదా అవతల. "ఆయనుంటే నిన్ను తినకుండా పంపడు."

ఒక్క మెతుకు విడవకుండా తిన్నాను. తిన్నంతసేపూ అవతల ఆమె నోరు నొక్కుకుని ఏడవడం వినిపిస్తూనే ఉంది.